కాన్పు ఆమెది, సంతకం ఎవరిది?

తిరుపతి: కాన్పు గది తలుపు సగం తెరుచుకుంటుంది. నర్సమ్మ చేతిలో ఒక కాగితం. "ఫలానా ఆమె తాలూకు ఎవరయ్యా?" అని కేక వేస్తుంది. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న మగమనిషి లేచి పోతాడు. ఎక్కడ సంతకం పెట్టాలో నర్సమ్మ వేలితో చూపిస్తుంది. అతను పెడతాడు. చదువు లేనివాడైతే బొటనవేలు సిరాలో అద్ది ఒత్తుతాడు. తలుపు మూసుకుంటుంది. ఆ కాగితంలో ఏం రాసి వుందో లోపల బల్ల మీద వున్న మనిషికి తెలియదు. సంతకం పెట్టిన మనిషికీ తెలియదు.

ఆస్పత్రుల వరండాల్లో తరచూ కనిపించే దృశ్యమిది. సర్కారు ఆస్పత్రి, ప్రయివేటు నర్సింగ్ హోము అన్న తేడా పెద్దగా లేదు. బిడ్డను కనేది ఆమె. కోత పడితే ఆమె ఒంటి మీదనే పడుతుంది. అయినా ఎక్కడ కనాలి, ఎప్పుడు కనాలి, ఎట్లా కనాలి, కన్న తర్వాత పిల్లలు చాలా ఇంకా కావాలా అన్న విషయాల్లో ఆమె మాట అందరికంటే చివర వస్తున్నది. కొన్ని ఇళ్లలో అసలు రావడమే లేదు.

మంచి జరగలేదని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. 2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష మంది బిడ్డలు పుట్టేసరికి 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు దిగింది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 బండి అర్ధరాత్రి కూడా పల్లె వాకిట్లోకి వచ్చి నిలబడింది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష పథకం కింద సర్కారు ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, రక్తం, రానుపోను బండి అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషనుకు ఏడు రోజులు తిండి కూడా పెట్టాలి. మన అవ్వల కాలంతో పోలిస్తే ప్రాణానికి భరోసా వచ్చింది. మాటకు మాత్రం రాలేదు.

మన వైపు గర్భిణుల దారులు కూడా చిత్రమైనవి. శ్రీకాళహస్తి, పాకాల, పుత్తూరు వైపు వారు తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా వున్న ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రికి వస్తారు. చిత్తూరు, గుడిపాల వారికి వేలూరు దగ్గర. కుప్పం వారికి అక్కడి మెడికల్ కాలేజీ ఆస్పత్రి, కాదంటే కోలారు. నగరి వారు తిరుత్తణికీ, సత్యవేడు వారు చెన్నైకీ పోతారు. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా చీలిపోయినా ఈ దారులు మారలేదు. సంతకం పెట్టే కాగితం ఒకచోట ఇంగ్లీషులో, ఒకచోట అరవంలో, ఒకచోట కన్నడంలో వుంటుంది. తెలుగు మాత్రమే వచ్చిన మనిషి దాన్ని చదివి ఒప్పుకున్నదని అనుకోవడం ఎట్లా?

వేలూరు కథలో చెప్పని మాట

వేలూరు ఆస్పత్రి ఎట్లా పుట్టిందో చిత్తూరు వైపు పెద్దలు కథగా చెబుతారు. అది కథ కాదు, జరిగిందే. 1890 దశకం తొలినాళ్లలో తిండివనంలో జాన్ స్కడర్ అనే అమెరికన్ మిషనరీ డాక్టరు వుండేవాడు. ఆయన కూతురు ఐడా అప్పటికి వైద్యం చదవలేదు. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ భార్యలు కాన్పు కష్టంలో వున్నారు, రమ్మని ఆమెను అడిగారు. తనకు వైద్యం రాదు, నాన్న డాక్టరు, ఆయన వస్తాడని ఆమె చెప్పింది. పరాయి మగవాడు చూడ్డానికి వీల్లేదని ముగ్గురూ వెనక్కు పోయారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు.

ఆ తర్వాత ఐడా స్కడర్ అమెరికా వెళ్లి 1899లో కార్నెల్‌లో డాక్టరు పట్టా తీసుకుని, 1900లో వేలూరు వచ్చి ప్రాక్టీసు మొదలుపెట్టింది. 1902లో షెల్ ఆస్పత్రి, 1918లో స్త్రీల వైద్య పాఠశాల వచ్చాయి. ఈనాటి సీఎంసీ అట్లా పెరిగింది. ఆ రోజుల్లో వేలూరు, చిత్తూరు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. జిల్లా కేంద్రం చిత్తూరే. 1911 ఏప్రిల్ 1న గాని చిత్తూరు వేరే జిల్లా కాలేదు. మదనపల్లెలోని మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రిని పెట్టింది కూడా ఆ ఆర్కాటు మిషన్ వారే. అంటే ఆ మూడు చావుల ఫలితం మన పల్లెల దాకా వచ్చింది.

ఈ కథ చెప్పేవారు భర్తల మూఢత్వం గురించి చెబుతారు, ఐడా త్యాగం గురించి చెబుతారు. ఆ ముగ్గురు ఆడవాళ్లను ఎవరైనా అడిగారా అన్న సంగతి మాత్రం కథలో లేదు. నొప్పుల్లో వున్న మనిషిని "మగ డాక్టరైనా ఫరవాలేదా?" అని ఒక్క మాట అడిగి వుంటే ఏం జవాబు వచ్చేదో ఊహించుకోవచ్చు. ప్రాణం ఆమెది, పరువు ఇంటిది. గెలిచింది పరువు.

ఇప్పుడు మగ డాక్టరు వద్దనే భర్తలు తక్కువ. కాని ఏ ఆస్పత్రి అన్నది ఇప్పటికీ చాలా ఇళ్లలో మామ, మొగుడు, ఊళ్లో తెలిసిన ఆర్ఎంపీ కలిసి తేలుస్తారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మనకు ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో గాజులు తొడిగి పంపుతారు. అప్పుడు ఆ లెక్కలోకి తండ్రి, అన్న వస్తారు. ఖర్చు పెట్టుకునేవాడే ఆస్పత్రి చెబుతాడు. ఆమెకు ఇష్టమైన డాక్టరమ్మ, ఆరు నెలలు చూపించుకున్న నర్సమ్మ అత్తగారి ఊళ్లోనే నిలిచిపోతారు.

పాత రోజులు బంగారమా?

ఇంటి కాన్పు రోజులే మేలని, అప్పుడు ఆడవాళ్ల చేతుల్లోనే అంతా వుండేదని అనేవారూ వున్నారు. సగం నిజం. మంత్రసాని తెలిసిన మనిషి. తలుపు మూస్తే లోపల అంతా ఆడవాళ్లే. నొప్పులు పడే మనిషి తిరిగేది, గోడకు ఆనుకునేది, ఎవరి భుజమో పట్టుకుని కింద కూర్చునేది. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కట్టేసే పద్ధతి లేదు.

మిగతా సగం కూడా చెప్పుకోవాలి. మంత్రసానిని ఎప్పుడు పిలవాలో అత్త చెప్పేది. బిడ్డ అడ్డం తిరిగితే, మాయ పడకపోతే, రక్తం ఆగకపోతే ఆ గదిలో ఎవరి చేతిలోనూ ఏమీ వుండేది కాదు. కొడవలితోనో బ్లేడుతోనో బొడ్డు కోస్తే బిడ్డకు ధనుర్వాతం. బాలింతకు దాహం వేస్తే నీళ్లు ఇవ్వకుండా నోరు తడిపి వదిలేసిన ఇళ్లు ఎన్నో. అప్పుడు పెత్తనం అత్తది, ఇప్పుడు ఆస్పత్రిది. చేతులు మారింది గాని ఆమె చేతికి రాలేదు.

పక్కన ఎవరు వుండాలి?

కాన్పు గదిలో మొట్టమొదట తగిలే కష్టం నొప్పి కాదు, ఒంటరితనం. పదిమంది మధ్య పెరిగిన మనిషి. జ్వరం వచ్చినా ఇంటి నిండా జనం. అటువంటి మనిషిని జీవితంలో అన్నిటికంటే పెద్ద కష్టం వచ్చినప్పుడు తలుపు లోపలికి పంపి, అమ్మను బయట ఆపేస్తారు. లోపల పేరు తెలియని ముఖాలు. అరిస్తే కసురు. "ఊరుకో మే, లోకంలో అందరూ కనలేదా?" అన్నది కాస్త మర్యాద వున్న మాట. మొగుడి దగ్గర పడుకున్నప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకని అడిగే నోళ్లు కూడా వున్నాయి. ఆ మాట విన్న మనిషి బిడ్డకు పెళ్లి చేసే వయసు వచ్చినా దాన్ని మరచిపోదు. నర్సులకు పని భారం ఎక్కువ, బల్లలు తక్కువ, ఒకే రాత్రిలో ఎందరో. అది నిజమే. పని భారానికి ఆ మాటకు మాత్రం సంబంధం లేదు.

ఇక్కడ చాలా మందికి తెలియని సంగతి ఒకటుంది. 2016 ఫిబ్రవరిలోనే కేంద్ర ప్రభుత్వం సర్కారు ఆస్పత్రుల కాన్పు గదుల్లో గర్భిణికి తోడుగా ఒకరిని వుండనివ్వాలని నిర్ణయించింది. ఆ తోడు ఆడమనిషి అయివుండాలి, తాను ఒకసారి కాన్పు అనుభవించి వుంటే మేలు. అంటురోగం వుండకూడదు, బట్టలు శుభ్రంగా వుండాలి, వైద్యానికి అడ్డు రాకూడదు, పక్క బల్ల మీది వారి జోలికి పోకూడదు. మరుగు వున్న చోట భర్తను కూడా రానివ్వవచ్చు. 2017లో వచ్చిన 'లక్ష్య' కార్యక్రమం దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. బల్లకూ బల్లకూ మధ్య తెర వుండాలి. తిట్టకూడదు, కొట్టకూడదు. పరీక్ష చేసే ముందు చెప్పాలి.

తోడు వుంటే ఓదార్పు ఒక్కటే కాదు లాభం. 17 దేశాల్లో 15 వేల మందికి పైగా స్త్రీల మీద జరిగిన 26 పరిశోధనలను కలిపి 2017లో పరిశీలించారు. మొదటి నుంచి చివరి దాకా పక్కన ఒక మనిషి వున్న తల్లులకు నొప్పుల కాలం కొంత తగ్గింది, ఆపరేషన్లు తగ్గాయి, కాన్పు గురించి చేదు జ్ఞాపకం తగ్గింది. సూదిమందుతో పని లేదు, ఖర్చు లేదు. వీపు నిమిరే చెయ్యి చాలు.

ఆ చెయ్యి ఎవరిది అన్నది ఆమె చెప్పాలి. ఇదీ చిన్న విషయం కాదు. అత్త వెంట వచ్చింది కాబట్టి అత్తే లోపలికి పోవాలని లేదు. కొందరికి అమ్మ వుంటే ధైర్యం. కొందరికి అమ్మ ఏడుపు చూస్తే వున్న ధైర్యం కూడా పోతుంది, వాళ్లకు వదినో అక్కో మేలు. ఆస్పత్రికి బయలుదేరక ముందే ఇంట్లో ఈ మాట తేల్చుకుంటే తలుపు దగ్గర గొడవ వుండదు.

పడుకోవడం గురించి కూడా ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కాన్పు గురించి విడుదల చేసిన సిఫార్సుల్లో, ఇబ్బందులు లేని గర్భిణిని నొప్పుల సమయంలో తిరగనివ్వాలని, కూర్చోవడమో ఒత్తిగిలి పడుకోవడమో ఆమె ఇష్టానికి వదలాలని, కాస్త తినడానికీ తాగడానికీ ఇవ్వాలని చెప్పింది. అందరికీ వెంట్రుకలు గీయడం, ఎనిమా ఇవ్వడం, ప్రతి కాన్పుకూ కోత పెట్టి కుట్లు వేయడం, బిడ్డ రావడానికి పొట్ట పైన బలంగా నొక్కడం వద్దన్నది. మన అవ్వలు గోడ పట్టుకుని కూర్చున్నది మొరటుతనం కాదన్నమాట. కూర్చున్నప్పుడు బిడ్డ బరువు కిందికే దిగుతుంది, వెల్లకిలా వున్నప్పుడు ఆ సాయం వుండదు. నూతిలోంచి చేద పైకి లాగడానికీ కిందికి వదలడానికీ ఎంత తేడా వుందో అంత.

పెద్దాపరేషను, పెద్ద ముహూర్తం

నొప్పులు వచ్చి కనడం అన్నదే ఇప్పుడు తగ్గిపోతున్నది. అదే 2019-21 సర్వే లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు పెద్దాపరేషన్లు. సర్కారు ఆస్పత్రుల్లో నూటికి 27 దాకా, ప్రయివేటులో 63. దేశం మొత్తం మీద చూస్తే నూటికి 21.5. అదే ఊరు, అదే తిండి, అదే ఒళ్లు. సర్కారు గడప తొక్కితే నలుగురిలో ఒకరికి, ప్రయివేటు గడప తొక్కితే ముగ్గురిలో ఇద్దరికి దగ్గరగా కోత పడుతున్నది. ఈ తేడా అంతా గర్భిణుల ఒంట్లోనే వుందంటే నమ్మడం కష్టం.

ఆపరేషను శత్రువు కాదు. మాయ కిందికి వచ్చి అడ్డంగా వుంటే, బిడ్డ అడ్డం తిరిగితే, గుండె చప్పుడు పడిపోతూ వుంటే, బీపీ పెరిగి ఫిట్స్ వస్తే అదే ప్రాణం పోసే దారి. ఎన్ని వుండాలన్న దానికి 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నూటికి 10 నుంచి 15 అన్నది. 2015లో ఆ మాటనే మరో విధంగా చెప్పింది. ఒక ప్రాంతంలో నూటికి పది దాటిన తర్వాత, ఆపరేషన్లు పెరిగినందువల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్లు ఆధారం లేదు, అవసరమైన ప్రతి తల్లికి మాత్రం అందాల్సిందే అన్నది. మిగిలినవన్నీ ఎందుకు జరుగుతున్నాయన్నదే ప్రశ్న.

డబ్బు ఒక కారణం, అందరూ అనుకునేదే. డాక్టరుకు సమయం ఒక కారణం. నొప్పుల కాన్పుకు రాత్రంతా కాచుకోవాలి, ఆపరేషను గంటలో అయిపోతుంది. బిడ్డకు ఏమైనా అయితే బంధువులు ఆస్పత్రి మీద పడతారన్న భయం డాక్టర్లకు వుంది. అదీ కొట్టిపారేయలేం. నొప్పులంటే భయపడి తానే ఆపరేషను అడిగే అమ్మాయిలూ వున్నారు. తెలిసి అడిగితే అది ఆమె ఇష్టం. కాని కాన్పు గదిలో అక్కకు జరిగింది విని, ఆ అవమానం కంటే కోత నయమని అడిగితే దాన్ని ఇష్టం అనడానికి నోరు రాదు.

"పేగు మెడకు చుట్టుకుంది" అన్న మాట మన పల్లెల్లో అందరికీ తెలుసు. స్కానింగు కాగితం చూపించి ఆ మాట అనగానే ఇల్లంతా వణికిపోతుంది, సంతకం వెంటనే పడుతుంది. పుట్టే బిడ్డల్లో నలుగురైదుగురిలో ఒకరికి పేగు మెడ చుట్టూ వుంటుంది. చాలా మంది మామూలుగానే పుడతారు, మంత్రసాని అయినా నర్సమ్మ అయినా వేలితో తప్పించేస్తుంది. అదొక్కటే ఆపరేషనుకు కారణం కాదు. గుండె చప్పుడు ఎట్లా వుంది, దానివల్ల బిడ్డకు ఇబ్బంది వుందా అని అడగాలి. ఆ ప్రశ్న అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమోనని ఎవరూ అడగరు.

ఇక ముహూర్తం. మూల నక్షత్రం వద్దు, అమావాస్య వద్దు, మేనమామకు గండం వద్దు. పంచాంగం చూసి, అయ్యవారిని అడిగి, ఫలానా రోజు ఉదయం ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు బిడ్డ బయటికి రావాలని చీటీ రాసి డాక్టరు చేతిలో పెడుతున్నారు. ఇది చదువుకున్న ఇళ్లలో మొదలై పల్లెకు దిగింది. ఈ చీటీలో కూడా ఆమె చెయ్యి వుండదు. మామగారు అయ్యవారిని కలుస్తారు, మొగుడు డాక్టరును కలుస్తాడు. ఆమెకు తారీఖు చెబుతారు. నక్షత్రం బిడ్డ పుట్టుకను బట్టి వస్తుందన్నది పోయి, పుట్టుకే నక్షత్రం వెంట పరుగెత్తుతున్నది!

ఇందులో ఒక ప్రమాదం వుంది, దాన్ని ఏ పంచాంగమూ చెప్పదు. తొందరలేని ఆపరేషను 39 వారాలు నిండక ముందు చేస్తే బిడ్డ ఊపిరితిత్తులు సరిగా సిద్ధం కాక ఊపిరి ఆడని ఇబ్బంది ఎక్కువగా వస్తుంది. 39 వారాలంటే చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి 273 రోజులు. ఇంట్లో "తొమ్మిదో నెల పడింది కదా" అని వేసే లెక్క దీనికి మూడు నాలుగు వారాలు తక్కువ వుంటుంది. మంచి ఘడియలో పుట్టిన బిడ్డ అద్దాల పెట్టెలో వారం రోజులు వుండాల్సి రావడం ఏ జాతకానికీ మంచిది కాదు.

కోర్టు చెప్పిన మాట

సంతకం దగ్గరకు మళ్లీ రావాలి. చట్టం ఏమంటున్నది? 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత ఒకామె నెలసరి ఇబ్బందితో ఒక డాక్టరు దగ్గరకు వెళ్లింది. పరీక్ష కోసమని ఆమె ఒప్పుకుని సంతకం పెట్టింది. మత్తు ఇచ్చిన తర్వాత డాక్టరు బయట వున్న ఆమె తల్లి చేత ఒప్పించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. సమీరా కోహ్లీ కేసు అంటారు. 2008 జనవరి 16న కోర్టు తీర్పు చెప్పింది. ఈడు వచ్చిన, తెలివితో వున్న రోగి తరఫున తల్లి అయినా ఒప్పుకోవడానికి వీల్లేదు. ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పు వుంటే తప్ప, రోగి మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి. ఏం చేయబోతున్నారు, ఎందుకు, ప్రమాదం ఏమిటి, వేరే దారి వుందా అన్నవి చెప్పిన తర్వాత ఇచ్చే ఒప్పుదలే ఒప్పుదల.

అంటే వరండాలో మొగుడు పెట్టిన సంతకం ఆమె సంతకానికి బదులు కాదు. ఇంటివారికి చెప్పడం మంచిదే, వాళ్ల చేత సాక్షి సంతకం పెట్టించుకున్నా తప్పు లేదు. మొదటి సంతకం మాత్రం ఆమెది. గర్భస్రావానికి కూడా 1971 చట్టం ప్రకారం ఈడు వచ్చిన స్త్రీ ఒప్పుదల ఒక్కటి చాలు, మొగుడి సంతకం అక్కర్లేదు. ఈ సంగతి తెలియక పల్లెల్లో ఎందరో మొగుడు ఊరినుంచి వచ్చేదాకా ఆగి ఆలస్యం చేసుకుంటున్నారు.

అన్నిటికంటే తొందరగా జరిగిపోయేది చివరి సంతకం. రెండో బిడ్డ పుట్టగానే ఆపరేషను. మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకున్నవారని సర్వే చెబుతున్నది. మగవాళ్ల ఆపరేషను దీనికంటే తేలిక, కోత దాదాపు లేదు, ఇంటికి నడిచిపోవచ్చు. వాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. పాతికేళ్లు నిండకముందే ఆ సంగతి ముగించుకున్న తల్లులు ఏ ఊళ్లో చూసినా కనిపిస్తారు. చాలా మంది తమ ఇష్టంతోనే చేయించుకున్నారు, నిజం. కాని కాన్పు బల్ల మీద, పొట్ట తెరిచి వున్నప్పుడు, "ఎట్లాగూ కోశాం కదా, దాంతోపాటు చేసేద్దామా?" అని బయట వున్నవాళ్లను అడిగి చేసేది ఆ లెక్కలో చేరదు. ఈ ఆపరేషనుకు మొగుడి ఒప్పుదల అక్కర్లేదని, నొప్పుల్లోనో మత్తులోనో వున్నప్పుడు ఒప్పుదల తీసుకోకూడదని కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లోనే వుంది. కాన్పు కాగానే లోపల కాపర్-టి వేయడమూ అంతే. వేసినట్టు ఆమెకు తెలిసివుండాలి, వద్దంటే వేయకూడదు.

హైదరాబాదులో 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011 నుంచి నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫ్ చదువు చెప్పిస్తున్నది. 2017లో తెలంగాణ ప్రభుత్వంతో కలిసి కరీంనగర్‌లో సర్కారు నర్సులకూ ఆ శిక్షణ మొదలైంది. ఇబ్బంది లేని కాన్పును మొదటినుంచి చివరిదాకా ఒకే మిడ్‌వైఫ్ చూసుకోవడం, డాక్టరును అవసరమైనప్పుడు పిలవడం దాని పద్ధతి. 2018 డిసెంబరులో కేంద్రం కూడా ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. మంత్రసాని ఓర్పు, ఆస్పత్రి భద్రత ఒకచోట కలిసే దారి ఇదే అనిపిస్తుంది. మన వైపు పెద్ద ఆస్పత్రుల్లో ఒక్కో నర్సమ్మ ఎన్ని బల్లలు చూడాల్సి వస్తున్నదో లెక్క వేస్తే ఈ పని ఎంత అవసరమో తెలుస్తుంది.

అంతవరకూ ఆగాల్సిన పని లేదు. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు 2016 నుంచి జరుగుతున్నాయి. అడగవలసినవన్నీ అడగడానికి అదే సమయం. లోపల తోడు వుండనిస్తారా, నొప్పుల్లో తిరగనిస్తారా, ఆపరేషను అవసరం వస్తే ఏ కారణాలకు వస్తుంది అని అప్పుడు అడిగితే జవాబు చెప్పే తీరిక డాక్టరుకూ వుంటుంది. వెంట వెళ్లిన అత్తనో మొగుడినో కాకుండా గర్భిణినే మాట్లాడనివ్వాలి. ఆశా కార్యకర్తలు ఈ పని చేయగలరు, ఊళ్లో ప్రతి ఇల్లూ వాళ్లకు తెలుసు.

పుట్టింటికి పోయేటప్పుడు చీర, గాజులు, పసుపు కుంకుమ మరచిపోరు. తల్లీబిడ్డల కార్డు మాత్రం అత్తగారింటి బీరువాలో వుండిపోతుంది. కార్డు, స్కానింగు కాగితాలు, రక్త పరీక్ష కాగితం ఒకే సంచిలో ఆమె దగ్గర వుండాలి. కాన్పు తర్వాత కేసు షీటు నకలు రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య మండలి నిబంధనల్లో వుంది. ఎవరూ అడగడం లేదు. తొలి కాన్పుకు ఆపరేషను అయిన మనిషి రెండోసారి మామూలుగా కనవచ్చా అన్నది మొదటి కోత ఎందుకు పడింది, గర్భసంచి మీద ఎట్లా పడింది అన్న రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. ఆ కాగితం చేతిలో లేక, రెండోసారి వెళ్లిన చోట డాక్టరు తెగించలేక, ఇంకో మాట లేకుండా మళ్లీ కోతకే తారీఖు రాస్తున్నారు.